టేపు మీద నల్లచారలు చాలవు: స్పోర్ల విషయంలో ఆసుపత్రుల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు. మందులు, పరికరాలు కొనే రాష్ట్ర సంస్థల ఎండీలకు. బోధనాసుపత్రులు, జిల్లా, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీల సభ్యులకు

అయ్యా, అమ్మా,

నెలకోసారి ఆపరేషన్ థియేటర్ (ఓటీ) గోడలకు, టేబుళ్లకు, లైట్లకు స్వాబ్ (దూది పుల్ల) తిప్పి ల్యాబుకు పంపడం, 'నో గ్రోత్' అని రిపోర్టు రాగానే ఫైల్లో పెట్టుకోవడం మన ఆసుపత్రుల్లో ఏళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. అదే ఆసుపత్రిలో, ఆవిరి వేడితో పరికరాల మీది క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు చివరిసారి స్పోర్ (గట్టి పొరల్లో దాక్కున్న బ్యాక్టీరియా రూపం) పరీక్ష ఎప్పుడు చేశారని అడిగితే చాలాచోట్ల చూపించడానికి రిజిస్టరే ఉండదు. ఈ వరస తిరగబడాలి. స్వాబుల మీద పెట్టే శ్రమ, డబ్బు ఆటోక్లేవ్ పరీక్షకు, బ్లీచ్ కొలతకు, చేతులు కడిగే సింకుకు మళ్లాలి. ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తున్నాం.

బాసిల్లస్, క్లాస్ట్రిడియం వంటి కొన్ని బ్యాక్టీరియాలు పరిస్థితులు బాగోలేనప్పుడు స్పోర్‌గా మారతాయి. లోపలి నీరు చాలావరకు వదిలేసి, కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లం నింపుకుని, డీఎన్ఏకు కాపలాగా ప్రొటీన్లు చుట్టుకుని, పైన పొర మీద పొర కప్పుకుంటాయి. ఆ దశలో అది తినదు, పెరగదు. కాబట్టి యాంటీబయాటిక్‌కు దొరకదు. స్పిరిట్‌కు చావదు. ఫినాయిల్‌కు చావదు. వందడిగ్రీల దగ్గర మరిగే నీళ్లనూ తట్టుకునే స్పోర్లున్నాయని ఫెర్డినాండ్ కోన్ 1876లోనే చూపించాడు. అయినా చిన్న ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో కత్తెర్లు, ఫోర్సెప్సులు మరిగించి 'స్టెరైల్' (ఏ క్రిమీ, స్పోరూ మిగలనిది) అనడం ఇంకా పోలేదు.

ధనుర్వాతం సంగతి కూడా ఇదే, దాన్ని తెచ్చేదీ ఒక క్లాస్ట్రిడియమే. ప్రసూతి, నవజాత శిశు ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ధ్రువీకరణ పొందిన తొలి రాష్ట్రం 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2015లో దేశమంతటికీ ఆ గుర్తింపు వచ్చింది. అయితే అక్కడ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలో వెయ్యి సజీవ జననాలకు ఒకటికన్నా తక్కువ కేసులని అర్థం. టీకాలవల్ల, శుభ్రమైన కాన్పులవల్ల సాధించింది అది. మట్టిలో ఉన్న స్పోర్లు మట్టిలోనే ఉన్నాయి, చెప్పులతో, ట్రాలీ చక్రాలతో రోజూ లోపలికి వస్తూనే ఉన్నాయి.

ఇక ఆటోక్లేవ్. లేఖలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాం, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు ఒక రోగితో ఆగదు, ఆ లోడులోని పరికరాలు వాడిన ప్రతి రోగికీ వెళుతుంది.

పీహెచ్‌సీల్లో, పాత లేబర్ రూముల్లో ఇంకా నిలువు ఆటోక్లేవ్‌లే ఎక్కువ. వీటిలో ప్రెషర్ గేజీ చూసి '15 పౌండ్లు వచ్చింది, 15 నిమిషాలైంది, దించెయ్' అనడం అలవాటు. స్పోర్లను చంపేది ఒత్తిడి కాదు, గాలి కలవని ఆవిరి తెచ్చే వేడి. గేజీ 15 పౌండ్లే చూపిస్తున్నా, లోపలి గాలి అసలు బయటికి పోకపోతే వేడి 100 డిగ్రీలే ఉంటుంది. మూడో వంతు గాలి పోతే 109, సగం పోతే 112, మూడింట రెండొంతులు పోతే 115. గాలి మొత్తం పోయినప్పుడే 121 డిగ్రీలు. పరీక్షకు వాడే జియోబాసిల్లస్ స్పోర్లలో నూటికి తొంభై చావడానికి 121 డిగ్రీల దగ్గర సుమారు రెండు నిమిషాలు చాలు. 112 దగ్గర అదే పనికి ఎన్నో రెట్ల సమయం కావాలి, అంతసేపు ఎవరూ ఉంచరు. అందుకే మూత బిగించాక ఆవిరి వాల్వును వెంటనే మూయకూడదు. మొదట బుసబుసమంటూ ఆగి ఆగి గాలి, ఆవిరి కలిసి వస్తాయి. తర్వాత తెగకుండా ఒకే ధారగా ఆవిరి వస్తుంది. అలా కొన్ని నిమిషాలు వదిలాకే వాల్వు మూయాలి. థర్మామీటర్ 121 చూపించిన క్షణం నుంచే గడియారం మొదలవ్వాలి, స్విచ్ వేసిన దగ్గర్నుంచి కాదు. చుట్టిన ప్యాకులకు 15 నిమిషాలు సరిపోవు, ఇలాంటి గ్రావిటీ యంత్రంలో (పంపు లేకుండా, ఆవిరే గాలిని నెట్టేది) 30 నిమిషాలు ఉంచాలి.

గాలి చిక్కుకునే చోట్లు యంత్రంలోనే కాదు, లోడులోనూ ఉంటాయి. మూతపెట్టిన స్టీలు డబ్బాలో పెట్టిన పరికరాలు స్టెరైల్ కావు. ఆ డబ్బా ఆవిరికి గోడలాంటిది. డ్రెస్సింగ్ డ్రమ్ము పక్క చిల్లులు లోపల పెట్టేటప్పుడు తెరిచి, తీసిన వెంటనే మూయాలి. చాలాచోట్ల ఇది తిరగబడి జరుగుతుంది, లేదా చిల్లులు మూసే పట్టీ తుప్పుపట్టి కదలనే కదలదు. గిన్నెలు, కిడ్నీ ట్రేలు వెల్లకిలా పెడితే వాటిలో గాలి నిలబడుతుంది, పక్కకు వంచి పెట్టాలి. గుడ్డల ప్యాకు 30 × 30 × 50 సెంటీమీటర్లు, ఐదున్నర కిలోలు దాటకూడదు. ప్యాకులను ఒకదాని మీద ఒకటి దొంతరగా కాకుండా నిలువుగా, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ ఉంచి సర్దాలి. వాజలీన్ పూసిన గాజ్ (పల్చటి కట్టు గుడ్డ), నూనె, పౌడరు ఆటోక్లేవ్‌లో పెట్టడం వృథా. ఆవిరి వాటిలోకి దిగదు, వాటికి హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు కావాలి. తడిగా బయటికి వచ్చిన ప్యాకు వాడకూడదు, తడి గుడ్డలోంచి బయటి బ్యాక్టీరియా లోపలికి నడుచుకుంటూ వెళుతుంది. గాలిని పంపుతో లాగేసే వాక్యూమ్ యంత్రాల్లో అయితే డ్రెయిన్ దగ్గరి జల్లెడ చూడండి. గుడ్డల నూగు, టేపు ముక్కలు అక్కడ పేరుకుని గాలిని బయటికి పోనివ్వవు. రోజూ పొద్దున ఒకసారి తీసి కడగడానికి నిమిషం పట్టదు.

ఆటోక్లేవ్ టేపు (ప్యాకు మీద అంటించేది) మీద నల్లచారలు పడటం అంటే ఆ ప్యాకు వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే. లోపలి కత్తెర స్టెరైల్ అయిందని టేపు చెప్పదు, చెప్పడం దానివల్ల కాదు. వాక్యూమ్ యంత్రానికి రోజూ మొదటి లోడుకు ముందు, ఖాళీ చాంబర్‌లో, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు బౌవీ-డిక్ పరీక్ష (గాలి పూర్తిగా పోయిందో లేదో రంగు మారే షీటుతో చూసేది) చేయాలి. షీటు మధ్యలో రంగు మారకుండా పాలిపోయి ఉంటే గాలి మిగిలిందన్నమాట. మూడున్నర నిమిషాలు కాస్తా ఐదారు నిమిషాలు చేస్తే చెడ్డ యంత్రం కూడా పాసవుతుంది, కాబట్టి టైము పొడిగించడం జాగ్రత్త కాదు, మోసం.

అసలు పరీక్ష స్పోర్లతోనే చేయాలి. జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్పోర్లు, ఒక్కోదానిలో లక్ష నుంచి పది లక్షల వరకు ఉండే చిన్న ప్లాస్టిక్ ఆంపూల్స్ దొరుకుతాయి. ఒకదాన్ని ప్యాకు మధ్యలో పెట్టి, ఆ ప్యాకును చాంబర్‌లో అన్నింటికన్నా కష్టమైన చోట, అంటే డ్రెయిన్ పైన, కింది అరలో ఉంచాలి. పైన, తలుపు దగ్గర అందుబాటుగా పెడితే ఎప్పుడూ పాసే. సైకిల్ అయ్యాక లోపలి గాజు గొట్టం నొక్కి పగలగొట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. అదే బ్యాచ్ నుంచి ఆటోక్లేవ్‌లో పెట్టని ఇంకో ఆంపూల్‌ను కంట్రోల్‌గా పక్కనే పెట్టాలి. స్పోర్లు మొలిస్తే రంగు మారుతుంది కాబట్టి కంట్రోల్ ఊదా నుంచి పసుపుకు తిరగాలి, పరీక్షది ఊదాగానే ఉండాలి.

ఇక్కడ దొర్లే పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. జియోబాసిల్లస్ వేడి కోరే బ్యాక్టీరియా, 55 నుంచి 60 డిగ్రీల మధ్యే పెరుగుతుంది. మైక్రోబయాలజీ ల్యాబులో ఉండే మామూలు ఇంక్యుబేటర్ 37 డిగ్రీలది. అందులో పెడితే బతికున్న స్పోర్లు కూడా మొలవవు. రిపోర్టు 'నో గ్రోత్, సంతృప్తికరం' అని వస్తుంది, యంత్రం పనిచేయకపోయినా సరే. కంట్రోల్ ఆంపూల్ పెట్టి ఉంటే అదీ ఊదాగానే మిగిలి గుట్టు బయటపెట్టేది. అందుకే కంట్రోల్ ఫలితం రాయని ఏ స్పోర్ రిపోర్టునూ అంగీకరించవద్దని కోరుతున్నాం. దీనికి పెద్ద ఇంక్యుబేటర్ అక్కర్లేదు, పది పన్నెండు ఆంపూల్స్ పట్టే చిన్న డ్రై బ్లాక్ (ఆంపూల్స్‌ను వేడిగా ఉంచే దిమ్మ) సీఎస్ఎస్‌డీ (పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగం) బల్ల మీదే పడుతుంది.

వారానికి ఒక్కసారైనా ఈ పరీక్ష జరగాలి. ఎముకల్లో ప్లేట్లు, రాడ్లు, మోకాలి చిప్పలు వంటి ఇంప్లాంట్లున్న ప్రతి లోడుకూ జరగాలి, ఫలితం వచ్చాకే ఆ లోడు వదలాలి. యంత్రం రిపేరైనా, చోటు మార్చినా ఖాళీ చాంబర్‌తో వరుసగా మూడు సైకిళ్లు పాసవ్వాలి. ఒక్కసారి ఫెయిలైతే యంత్రం ఆపి, చివరిసారి పాసైన రోజు నుంచి అందులోంచి వెళ్లిన ప్యాకులన్నీ వెనక్కి రప్పించాలి. అందుకు ప్రతి ప్యాకు మీద యంత్రం నంబరు, సైకిల్ నంబరు, తేదీ ఉండాలి. ఇప్పుడు తేదీ ఒక్కటే బాల్‌పెన్నుతో, అదీ అరిగిపోయినట్టు, రాస్తున్నారు.

రెండో విషయం వార్డులది. యాంటీబయాటిక్స్ వాడిన రోగికి, ముఖ్యంగా క్లిండమైసిన్, సెఫలోస్పోరిన్లు, ఫ్లోరోక్వినలోన్లు పడ్డాక, రోజుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు మొదలైతే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్, వాడుకలో సీ.డిఫ్, గుర్తుకు రావాలి. దీని స్పోర్లు మంచం పట్టీల మీద, కమోడ్ల మీద నెలల తరబడి బతుకుతాయి. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 2003 నుంచి 2005 మధ్య రెండు దఫాలుగా ప్రబలి 334 మందికి సోకింది, కనీసం 33 మంది చనిపోయారు. రోగులను విడిగదుల్లోకి మార్చమని ఇన్ఫెక్షన్ కంట్రోల్ బృందం ఇచ్చిన సలహాను యాజమాన్యం లక్ష్యాల, లెక్కల ఒత్తిడిలో పక్కన పెట్టిందని 2006 విచారణ నివేదిక తేల్చింది. మన దగ్గర ఐసీయూ విరేచనాలకు మెట్రోనిడజోల్ రాసేసి వదిలేయడమే ఎక్కువ, మలంలో టాక్సిన్ పరీక్ష అడిగేవారు తక్కువ.

ఇలాంటి రోగి దగ్గర హ్యాండ్ రబ్ (చేతులకు పూసుకునే స్పిరిట్ ద్రావణం) పనికిరాదు. స్పిరిట్ స్పోర్లను చంపదు, అరచేతిలోంచి వేళ్ల సందుల్లోకి పూస్తుందంతే. గ్లవ్స్ వేసుకోవాలి, తీశాక సబ్బు, పారే నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి. సబ్బు కూడా స్పోర్లను చంపదు, రుద్దుడుకు ఊడదీసి నీళ్లతో పంపేస్తుంది. మిగతా రోగుల దగ్గర, మిగతా క్రిముల విషయంలో హ్యాండ్ రబ్బే మెరుగైనది, ఈ లేఖ చూసి దాన్ని తీసేయకండి. సింకు పక్కన నీళ్లలో నానుతున్న సబ్బు బిళ్ల, వార్డంతా చేతులు తుడిచే ఒకే టవలు మాత్రం తీసేయండి.

గది శుభ్రానికి 5,000 పీపీఎం (పది లక్షల భాగాలకు 5,000 భాగాలు) క్లోరిన్ కావాలి. 5 శాతం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్) అయితే ఒక లీటరుకు తొమ్మిది లీటర్ల నీళ్లు. 10 శాతమైతే అర లీటరుకు తొమ్మిదిన్నర లీటర్లు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే పది లీటర్లకు సుమారు 170 గ్రాములు కలిపి, తేరిన పై నీళ్లు వాడాలి. లెక్క కాగితం మీద సరే. కానీ ఎండాకాలం రేకుల షెడ్డులో నెలల తరబడి నిలవున్న క్యాన్‌లో లేబుల్ మీది 5 శాతం ఉండదు. వేడికి, వెలుతురుకు క్లోరిన్ తగ్గిపోతుంది. అది సగానికి పడిపోతే మీరు సరిగ్గా కలిపినా వచ్చేది 2,500 పీపీఎం. అందుకే వేల పీపీఎంలు కొలిచే క్లోరిన్ స్ట్రిప్పులు కావాలి. మంచినీళ్లకు వాడే స్ట్రిప్పు ఇక్కడ పనికిరాదు, దేనికైనా ముదురు రంగే చూపిస్తుంది. కలిపిన ద్రావణం ఆ రోజుకే, వీలైతే ఆ షిఫ్టుకే.

మలం, రక్తం ఉన్నచోట నేరుగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. ముందు డిటర్జెంట్‌తో తుడిచి, తర్వాత బ్లీచ్ వేసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. మే నెలలో ఫ్యాన్ కింద మంచం పట్టీ రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపాలి, ఆరితే మళ్లీ తడపాలి. పది నిమిషాలయ్యాక ఇనుము, స్టీలు భాగాలను మంచినీళ్లతో తుడవకపోతే తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంటల్లోనే తర్వాత మురికి దాక్కుంటుంది. పైనుంచి కిందికి, తక్కువ మురికి నుంచి ఎక్కువ మురికికి, టాయిలెట్ చివర్లో. మర్చిపోయే చోట్లు: డ్రిప్ స్టాండ్ మర, బీపీ పట్టీ, స్విచ్చులు, లాకర్ పిడి, మంచం తిప్పే హ్యాండిల్. ఇంకో మాట, టాయిలెట్లలో వాడే యాసిడ్‌ను బ్లీచ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండు డబ్బాలూ ఒకే బకెట్‌లో పెట్టి పారిశుద్ధ్య కార్మికుల చేతికి ఇవ్వకండి.

బ్లీచ్ ఘాటుగా ఉంది కాబట్టి రుద్దక్కర్లేదని కూడా అనుకోవద్దు. ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రచురించిన పనిలో సీ.డిఫ్ స్పోర్లు 10,000 పీపీఎం క్లోరిన్‌ను కూడా తట్టుకున్నాయి, గౌన్ల గుడ్డ మీద అంటుకుని మిగిలాయి. క్లోరిన్ ఎంత ముఖ్యమో గుడ్డతో గట్టిగా రుద్దడం, ఆ గుడ్డ మార్చడం అంతే ముఖ్యం.

స్పిరిట్ దూది జార్ సంగతి క్లుప్తంగా. సగం అయిన జార్‌లో కొత్త దూది కుక్కి, పైనుంచి స్పిరిట్ పోయడం ఆపాలి. దూదిలో సహజంగానే బాసిల్లస్ స్పోర్లుంటాయి, స్పిరిట్ వాటిని చంపదు, సూది పొడిచే చోటే పూస్తాం. 2011లో అమెరికాలో ప్యాకెట్లలో వచ్చే ఆల్కహాల్ ప్యాడ్లనే బాసిల్లస్ సీరియస్ కారణంగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దూదిని ముందు ఆటోక్లేవ్ చేసి, జార్‌ను రోజూ ఖాళీ చేసి కడిగి ఆటోక్లేవ్ చేయాలి.

దుప్పట్ల విషయమూ అంతే. 71 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉతికినా బాసిల్లస్ సీరియస్ స్పోర్లు చావవు, మంచినీళ్లతో జాడిస్తేనే పోతాయి. 2006లో జపాన్‌లోని ఒక బోధనాసుపత్రిలో రోగుల రక్తంలోకి చేరిన బాసిల్లస్ సీరియస్‌కు మూలం లాండ్రీ వాషింగ్ మెషీన్లేనని తేలింది. వానాకాలంలో సగం ఆరిన దుప్పట్లు మూటకట్టి ఉంచితే ఆ తేమలో మిగిలినవి మొలకెత్తి పెరుగుతాయి. జాడించిన నీళ్లనే మళ్లీ వాడనివ్వవద్దు. నెలలు నిండని పిల్లల వార్డుకు వెళ్లే గుడ్డలు పూర్తిగా ఆరి, ఇస్త్రీ అయ్యే వెళ్లాలి.

ల్యాప్రోస్కోపీ పరికరాలను కేసుకూ కేసుకూ మధ్య 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచి తీయడం స్టెరిలైజేషన్ కాదు. స్పోర్లు చావాలంటే పది గంటలు కావాలి, ఆ తర్వాత స్టెరైల్ నీళ్లతోనే కడగాలి. సెట్లు చాలకపోతే సెట్లు కొనండి, నిమిషాలు తగ్గించకండి.

ఫార్మలిన్ పొగ గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం, ఆపేయండి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. గాలిలో తేమ 70 శాతం దాటకపోతే అది సరిగా పనిచేయదు. ఎండిన రక్తం, దుమ్ము కింద ఉన్న స్పోర్ల దాకా చేరదు. శనివారం రాత్రి పొగపెట్టి సోమవారం కళ్లు మండుతూ ఆపరేషన్ మొదలుపెట్టే బదులు, రోజూ కేసుల తర్వాత డిటర్జెంట్‌తో తడిగుడ్డ శుభ్రం చేసి, గంటకు 20 సార్లు గాలి మారుతోందో లేదో ఏసీ వాళ్ల చేత కొలిపించండి.

నెలవారీ స్వాబులూ అలాంటివే. అరచేయంత చోటు తుడిచి గదంతటికీ సర్టిఫికెట్ ఇవ్వలేం. మట్టి ఉన్నచోటల్లా ఉండే స్పోరు దొరికినా దానివల్ల ఏ నిర్ణయమూ మారదు. ఇన్ఫెక్షన్లు గుంపుగా వచ్చినప్పుడు, కొత్త ఓటీ తెరిచేటప్పుడు, పక్కనే గోడలు పగలగొట్టి మరమ్మతు చేసినప్పుడు స్వాబులకు అర్థముంది.

మీ చేతుల్లో ఉన్న పనులు ఇవి. కొనుగోలు సంస్థలు ఆటోక్లేవ్ టెండర్‌లోనే స్పోర్ ఆంపూల్స్, 56 డిగ్రీల డ్రై బ్లాక్, ఉష్ణోగ్రత ప్రింటర్, ఏడాదికోసారి గేజీ, థర్మామీటర్ క్యాలిబ్రేషన్ కలపాలి. ఆంపూల్స్‌ను రేట్ కాంట్రాక్ట్‌లో చేర్చాలి, లేకపోతే సూపరింటెండెంట్లు లోకల్ పర్చేజ్‌కు ఫైలు తిప్పుతూ ఉంటారు. హైపోక్లోరైట్‌ను వెలుతురు చొరని క్యాన్లలో, తయారీ తేదీతో, ఏడాదికి ఒకేసారి కాకుండా మూడు నెలలకోసారి తెప్పించాలి, దానితోపాటే స్ట్రిప్పులు. శానిటేషన్ కాంట్రాక్టులో తలలు, చదరపు అడుగులు లెక్కపెట్టే బదులు మంచం దగ్గర ఫ్లోరోసెంట్ గుర్తులు పెట్టి, తుడిచాక యూవీ టార్చ్‌తో చూసి, చెరగనివాటికి బిల్లు కోయండి. అంతకుముందు అదే కార్మికులకు గీతలున్న కొలత మగ్గు, బొమ్మలతో తెలుగు చార్టు, మందపాటి గ్లవ్స్ ఇవ్వండి. కాయకల్ప్ (ఆసుపత్రుల పరిశుభ్రతకు మార్కులిచ్చే ప్రభుత్వ పథకం) తనిఖీకి వచ్చేవారు స్వాబ్ రిపోర్టు అడగడం మాని, కంట్రోల్ ఫలితంతో సహా గత పన్నెండు వారాల స్పోర్ రిజిస్టర్ అడగాలి. ఆ ఒక్క ప్రశ్న చెక్‌లిస్టులోకి వస్తే మిగతావి ఇండెంట్లలో (సరుకు కోరే పత్రాల్లో) వాటంతటవే కనిపిస్తాయి.

ఇట్లు,
మైక్రోబయాలజీ, సీఎస్ఎస్‌డీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సింగ్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరం